నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో డ్రోన్ ఎగరేసే ముందు పై ఆకాశాన్ని చూసుకోవడం ఎలా?

"అన్నా, మన నెల్లూర్లో ఎయిర్‌పోర్టే లేదు గదా, ఇంక పర్మిషన్ ఎందుకు?"

వారానికి ఇద్దరైనా నన్ను ఇదే అడుగుతారు. పెళ్లి షూటింగులు చేసేవాళ్లు, కొత్తగా మందు కొట్టే డ్రోన్ తీసుకున్న రైతులు, మైపాడు బీచ్‌లో రీల్ తీయాలనుకునే కాలేజీ పిల్లలు. ఒక్కొక్కరికీ ఫోన్‌లో చెప్పేకంటే మొత్తం ఒకచోట రాసిపెట్టడం మేలనిపించింది.

ముందు ఆ ప్రశ్నకే జవాబు చెప్తాను. ఊళ్లో ఎయిర్‌పోర్టు లేనంత మాత్రాన పైనున్న ఆకాశం ఖాళీ అని కాదు. మీరు నిలబడిన చోటు, ఎగరేసే ఎత్తు, ఆ రోజు తేదీ, ఈ మూడూ కలిస్తేనే పర్మిషన్ కావాలో వద్దో తేలుతుంది. ఉమ్మడి నెల్లూరు జిల్లా దక్షిణ కొసన శ్రీహరికోట ఉంది. పెళ్లి ఆర్డర్ల కోసం మనవాళ్లు తరచూ వెళ్లే తిరుపతి వైపు రేణిగుంట విమానాశ్రయం ఉంది. ఉమ్మడి ప్రకాశంలో కొరిశపాడు దగ్గర 16వ నంబరు జాతీయ రహదారినే రన్‌వేగా తయారు చేశారు. 2022 డిసెంబరు 29న అక్కడ తొలి ట్రయల్ చేసినప్పుడు వాయుసేన విమానాలు రోడ్డుకు బాగా దగ్గరగా దిగి వెళ్లాయి. అలాంటి రోజున పక్క పొలంలో ఒక డ్రోన్ లేచి ఉంటే ఏమయ్యేదో ఆలోచించండి. పైలట్‌కు అది కనబడదు. కనబడేసరికి తప్పుకునే టైమ్ ఉండదు.

మూడు రంగులు తెలిస్తే చాలు

2021 ఆగస్టులో వచ్చిన డ్రోన్ రూల్స్ దేశం మొత్తాన్ని మూడు రంగుల్లో పెట్టాయి.

గ్రీన్ జోన్‌లో నేల నుంచి 400 అడుగుల వరకు, అంటే 120 మీటర్ల వరకు పర్మిషన్ అడగక్కర్లేదు. నడుస్తున్న విమానాశ్రయం ప్రహరీ నుంచి 8 కి.మీ. దాటి 12 కి.మీ. లోపల ఉంటే మాత్రం ఆ హద్దు 200 అడుగులే, అంటే 60 మీటర్లు. ఈ ఎత్తులు దాటితే అదే చోటు ఎల్లో జోన్ అయిపోతుంది. ఎల్లోలో ఆ ప్రాంతాన్ని చూసే ఏటీసీ, అంటే విమానాల రాకపోకలను నడిపించే కంట్రోల్ వాళ్ల అనుమతి ఉండాలి. విమానాశ్రయానికి 8 కి.మీ. లోపలికి వెళ్తే మ్యాప్‌లో ఎల్లో గానీ రెడ్ గానీ ఉంటుంది. రెడ్ జోన్‌లో కేంద్ర ప్రభుత్వం అనుమతిస్తే తప్ప ఎగరేయకూడదు.

దగ్గర ఉండాల్సినవి

- డ్రోన్ బరువు ఎంతో ఖచ్చితంగా తెలియాలి. 250 గ్రాముల వరకు నానో, అక్కడి నుంచి 2 కిలోల వరకు మైక్రో, 25 కిలోల వరకు స్మాల్. మందు కొట్టే డ్రోన్లు ట్యాంకు నిండాక ఎక్కువగా స్మాల్‌లోకే వస్తాయి.
- డ్రోన్ రిజిస్ట్రేషన్ నంబరు, అంటే యూఐఎన్. ఫీజు 100 రూపాయలే. డ్రోన్ కొనకముందే దానికి టైప్ సర్టిఫికెట్, అంటే ఆ మోడల్‌ను పరీక్షించి ఇచ్చే ఆమోదం ఉందో లేదో అడగండి. అది లేని డ్రోన్‌ను చవగ్గా వస్తుందని కొని, తర్వాత నంబరు రాక ఇబ్బంది పడుతున్నవాళ్లను చాలామందిని చూశాను.
- రిమోట్ పైలట్ సర్టిఫికెట్. నానోకు అక్కర్లేదు. మైక్రోను డబ్బు తీసుకోకుండా సరదాకు ఎగరేసినా అక్కర్లేదు. పెళ్లి ఆర్డరుకు వెళ్తే మాత్రం కావాలి. పదో తరగతి పాసై, 18 నుంచి 65 ఏళ్ల మధ్య ఉన్నవాళ్లు డీజీసీఏ (కేంద్ర పౌర విమానయాన నియంత్రణ సంస్థ) గుర్తింపు ఉన్న శిక్షణ సంస్థలో నేర్చుకుని తీసుకోవచ్చు.
- థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్. నానోకు తప్ప మిగతా వాటికి తప్పనిసరి.
- నెట్ ఉన్న ఫోన్, గూగుల్ మ్యాప్స్, ఒక చిన్న నోటు పుస్తకం.

1. మీరు నిలబడే చోటును అంకెల్లో రాసుకోండి

ఊరి పేరు సరిపోదు. గూగుల్ మ్యాప్స్‌లో డ్రోన్ లేపే చోట వేలు నొక్కిపట్టండి. రెండు అంకెలు వస్తాయి. మన వైపైతే మొదటిది 13 నుంచి 16 లోపు అంకెతో మొదలవుతుంది, అది అక్షాంశం. రెండోది 78, 79, 80ల్లో ఒకటి, అది రేఖాంశం. నెల్లూరు టౌన్ 14.44, 79.99 దగ్గర ఉంటుంది. ఒంగోలు 15.50, 80.05 దగ్గర. 79 ముందొచ్చిందంటే రెండూ తారుమారైనట్టే.

అందరూ ఎక్కువగా తప్పు చేసేది ఇక్కడే, కాస్త ఓపిగ్గా చదవండి. మ్యాప్స్ ఇచ్చేది దశాంశాల్లో, ఉదాహరణకు 14.4426 అని. కొన్ని దరఖాస్తులు డిగ్రీలు, నిమిషాలు, సెకన్లలో అడుగుతాయి. అప్పుడు చుక్క తర్వాతి అంకెలను అలాగే విడగొట్టి 14 డిగ్రీల 44 నిమిషాల 26 సెకన్లు అని రాసేస్తారు. ఒక డిగ్రీకి 60 నిమిషాలు కాబట్టి 0.4426ను 60తో గుణించాలి. 26.556 వస్తుంది, అంటే 26 నిమిషాలు. మిగిలిన 0.556ను మళ్లీ 60తో గుణిస్తే 33 సెకన్లు. సరైన లెక్క 14 డిగ్రీల 26 నిమిషాల 33 సెకన్లు. తప్పుగా రాసినదానికీ దీనికీ తేడా దాదాపు 33 కిలోమీటర్లు. మీరు నెల్లూర్లో నిలబడి దగదర్తి దాటిన తర్వాత ఎక్కడో ఉన్న చోటుకు అనుమతి అడిగినట్టవుతుంది.

సరిచూసుకోవడం తేలిక. మీరు రాసిన అంకెలను మళ్లీ గూగుల్ మ్యాప్స్‌లో వేయండి. పిన్ను మీ కల్యాణమండపం మీదో, మీ కయ్య మీదో పడాలి.

2. ఎయిర్‌స్పేస్ మ్యాప్ తెరవండి

డీజీసీఏ వారి డిజిటల్ స్కై సైట్‌లో ఎయిర్‌స్పేస్ మ్యాప్ ఉంటుంది. చూడటానికి లాగిన్ అక్కర్లేదు, డబ్బు కట్టక్కర్లేదు. మీ చోటు వెతికి, దాన్ని నొక్కండి. రంగు మాత్రమే చూసి ఊరుకోకండి. నొక్కితే వచ్చే వివరాల్లో ఎంత ఎత్తు వరకు, ఏ కారణం వల్ల అన్నది ఉంటుంది. ఆ వివరాలు కనబడేలా తేదీ, టైమ్‌తో స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. పోలీసులు ఆపి అడిగినప్పుడు నోటిమాట కంటే ఆ స్క్రీన్‌షాట్ ఎక్కువ పనిచేస్తుంది.

డ్రోన్ కంపెనీ యాప్‌లోనూ ఒక మ్యాప్ ఉంటుంది. అందులో అడ్డు చెప్పలేదని మన ప్రభుత్వం ఒప్పుకున్నట్టు కాదు. కంపెనీ మ్యాప్ వేరు, డీజీసీఏ మ్యాప్ వేరు. నేల మీద చెల్లేది రెండోదే.

మన వైపు మ్యాప్ తెరవకుండా అడుగు వేయకూడని చోట్లు కొన్ని ఉన్నాయి. సూళ్లూరుపేట, తడ నుంచి శ్రీహరికోట వైపు వెళ్లే దారి వాటిలో మొదటిది. పులికాట్ మీద కొంగలు లేస్తుంటే షాట్ బాగుంటుందని అక్కడ డ్రోన్ తీసే కుర్రాళ్లున్నారు. దయచేసి ఆ పని చేయకండి. ఒకవైపు సతీశ్ ధావన్ అంతరిక్ష కేంద్రం (షార్), ఇంకోవైపు పక్షుల అభయారణ్యం. కేంద్రం అనుమతి కావాల్సిన చోటుకు పక్కనే అటవీశాఖ అనుమతి కావాల్సిన చోటు ఉంటుంది. గుడ్ల మీద ఉన్న పక్షి డ్రోన్ శబ్దానికి లేచిపోతే ఆ గూడు ఎండకూ కాకులకూ వదిలేసినట్టే. కృష్ణపట్నం పోర్టు, అక్కడి థర్మల్ కేంద్రాల చుట్టుపక్కల కూడా ముందు మ్యాప్ చూసి, ఆ తర్వాత అక్కడి సెక్యూరిటీ వాళ్లను అడగండి.

3. దూరం ప్రహరీ నుంచి కొలవండి

నెల్లూరు, ఒంగోలు పట్టణాల్లో ఉన్నవాళ్లు ఈ అడుగు దాటేయొచ్చు. రేణిగుంట, తిరుపతి వైపు ఆర్డర్లకు వెళ్లేవాళ్లు మాత్రం వదలకండి.

మ్యాప్స్‌లో ఎయిర్‌పోర్ట్ అని కొడితే పిన్ను టెర్మినల్ మీద పడుతుంది. రూల్ చెప్పేది విమానాశ్రయం ప్రహరీ నుంచి. రన్‌వే టెర్మినల్‌కు రెండు పక్కలా పొడవుగా సాగి ఉంటుంది కాబట్టి, టెర్మినల్ నుంచి 9 కి.మీ. ఉన్న మండపం ప్రహరీ నుంచి 8 లోపలే ఉండొచ్చు. కంప్యూటర్‌లో గూగుల్ మ్యాప్స్ తెరిచి, శాటిలైట్ వ్యూలో మీకు దగ్గరగా ఉన్న ప్రహరీ మూల మీద రైట్ క్లిక్ చేసి, దూరం కొలిచే ఆప్షన్ తీసుకోండి. రోడ్డు దూరం చూడకండి, గాలిలో తిన్నగా ఎంతో చూడండి. 8కీ 12కీ దగ్గరగా వచ్చి అనుమానం తగిలితే, కఠినంగా ఉన్న హద్దే మీది అనుకోండి.

4. ఎత్తు సెట్టింగులు మార్చండి

ఈ అడుగులో నేనే ఒకసారి తప్పు చేశాను. రేణిగుంట వైపు ఒక పెళ్లి. దూరం కొలిచాను, 60 మీటర్ల హద్దు అని తెలుసు. యాప్‌లో గరిష్ఠ ఎత్తు దగ్గర 200 అని కొట్టాను. మనసులో ఉన్నది అడుగులు, యాప్‌లో ఉన్నది మీటర్లు. ఊరేగింపు వైడ్ షాట్ కోసం డ్రోన్‌ను పైకి తీస్తుంటే స్క్రీన్ మీద 74 కనబడింది. గుండె ఆగినంత పనైంది. వెంటనే కిందికి దించేశాను. ఆ సమయానికి విమానం ఏదీ రాలేదు, అంతే. అప్పటినుంచి యూనిట్ ఏముందో పైకి చదివి గానీ డ్రోన్ లేపను.

చూడాల్సినవి మూడు.

ఒకటి, గరిష్ఠ ఎత్తు. 120 మీటర్ల చోట 110, 60 మీటర్ల చోట 50 పెట్టండి. గాలి వాటానికి డ్రోన్ కాస్త పైకి ఎగబాకినా హద్దు దాటదు.

రెండు, ఆర్‌టీహెచ్ (రిటర్న్ టు హోమ్) ఎత్తు. సిగ్నల్ పోతే డ్రోన్ తనంతట తాను ఒక ఎత్తుకు లేచి ఇంటికి వస్తుంది. ఆ ఎత్తు 100 అని ఉంటే, మీరు 40 మీటర్లలో జాగ్రత్తగా ఎగరేస్తున్నా సిగ్నల్ తెగిన క్షణంలో అది 100కు పోతుంది. 60 మీటర్ల చోట ఇది నేరుగా ఉల్లంఘనే. చుట్టుపక్కల ఉన్న సెల్ టవర్, కొబ్బరిచెట్లు, కరెంటు లైన్ల కంటే ఎక్కువగా, హద్దు కంటే తక్కువగా పెట్టాలి. అలా కుదరకపోతే ఆ చోట ఎగరేయకండి.

మూడు, స్క్రీన్ మీద కనబడే ఎత్తు దేని నుంచి అన్నది. అది మీరు డ్రోన్ లేపిన చోటు నుంచి లెక్క. హద్దు మాత్రం డ్రోన్ కింద ఉన్న నేల నుంచి. ఐదంతస్తుల మిద్దె మీద నుంచి లేపితే ముందే దాదాపు 15 మీటర్లు ఖర్చైపోయినట్టు. ఉదయగిరి కొండ మీద నుంచి లోయవైపు తోలితే స్క్రీన్ మీద 30 అని ఉన్నా, కింద నేల వందల మీటర్ల లోతులో ఉంటుంది. కొండ అంచు దాటకండి, లేదంటే కింది నుంచే లేపండి.

మందు కొట్టే డ్రోన్‌వాళ్లకు ఎత్తుతో పేచీ లేదు, పైరు మీద రెండు మూడు మీటర్లలోనే తిరుగుతుంది కాబట్టి. కానీ రెడ్ జోన్ నేల నుంచే మొదలవుతుంది. అక్కడ రెండు మీటర్లూ తప్పే.

5. ఆ రోజు సంగతి కనుక్కోండి

నిన్న గ్రీన్‌గా ఉన్న చోటు ఇవాళ రెడ్ కావచ్చు. వీఐపీ పర్యటనలు, పెద్ద సభలు, బందోబస్తు ఉన్నప్పుడు రాష్ట్ర ప్రభుత్వం గానీ పోలీసులు గానీ ఒక ప్రాంతాన్ని ఒకసారికి 96 గంటల వరకు తాత్కాలిక రెడ్ జోన్‌గా ప్రకటించవచ్చు. అది మ్యాప్‌లో కనబడుతుంది. అందుకే వారం ముందు తీసిన స్క్రీన్‌షాట్ చెల్లదు. బయల్దేరే ముందు ఒకసారి, డ్రోన్ లేపే ముందు ఇంకోసారి చూడండి.

ఇంకొకటి నోటామ్. విమానాలవాళ్లకు ఇచ్చే హెచ్చరిక ఇది. షార్‌లో ప్రయోగం ఉన్నప్పుడు, వాయుసేన విన్యాసాలప్పుడు వస్తుంది. చదవడం మొదట్లో తికమకగా ఉంటుంది గానీ నాలుగు వరుసలు తెలిస్తే చాలు. బి వరుసలో మొదలయ్యే టైమ్, సి వరుసలో ముగిసే టైమ్, ఎఫ్‌లో కింది ఎత్తు, జీలో పై ఎత్తు. టైమ్ పది అంకెల్లో ఉంటుంది. 2603120330 అంటే 2026 మార్చి 12, 03:30.

ఇది మన టైమ్ కాదు, యూటీసీ, అంటే ప్రపంచమంతా వాడే ప్రామాణిక సమయం. దానికి ఐదున్నర గంటలు కలపాలి. 03:30 అంటే మనకు పొద్దున 9 గంటలు. 20:00 అని ఉంటే మనకు మర్నాడు తెల్లవారుజామున 1:30, తేదీ కూడా మారిపోతుంది. ఐదున్నర కలపకుండా చదివి, తెల్లవారుజామున అయిపోయింది కదా అని సరిగ్గా ఆంక్ష మొదలయ్యే టైముకే డ్రోన్ తీసుకుని బయల్దేరినవాళ్లు నాకు తెలుసు.

6. ఎల్లో, రెడ్ అయితే దరఖాస్తు చేయండి

దరఖాస్తు ఆన్‌లైన్లోనే. రిజిస్ట్రేషన్, సర్టిఫికెట్ పనులు ఇప్పుడు డీజీసీఏ వారి ఈజీసీఏ పోర్టల్‌లో నడుస్తున్నాయి. మీ యూఐఎన్, పైలట్ సర్టిఫికెట్ నంబరు, ఇన్సూరెన్స్ కాపీ, ఎగరేసే స్థలం నాలుగు మూలల అంకెలు, గరిష్ఠ ఎత్తు, తేదీ, మొదలు, ముగింపు టైమ్ సిద్ధంగా పెట్టుకోండి. కనీసం మూడు వారాల ముందు మొదలుపెట్టండి. ముహూర్తానికి రెండు రోజుల ముందు ఫోన్ చేసి "అన్నా, ఏదైనా దారి చూడు" అంటే చేయగలిగింది ఏమీ ఉండదు.

ఎత్తు అవసరమైనంతే అడగండి. 40 మీటర్లలో పని అయిపోతుంటే 120 రాయొద్దు. టైమ్ కూడా అంతే, ఊరేగింపు గంటన్నర అయితే రోజంతా అడక్కండి. విమానాలు దిగే వేళల మధ్య ఏటీసీ మిమ్మల్ని సర్దాలి. తక్కువ అడిగితే సర్దడం వాళ్లకు తేలిక.

అనుమతి చేతికొచ్చాక దాని మీది అంకెలు మీరు అడిగిన వాటితో సరిపోయాయో లేదో చూడండి. అడిగింది 60 మీటర్లు, ఇచ్చింది 30 అయితే మీ హద్దు 30. జవాబు రాకపోతే ఒప్పుకున్నట్టు కాదు.

అనుమతి రాలేదనుకోండి. ఆర్డరు వదులుకోవాలని టెన్షన్ పడక్కర్లేదు. పొడవాటి స్తంభం మీద కెమెరా, చిన్న జిమ్మీ జిబ్ (కెమెరా క్రేన్), పక్క మిద్దె మీద నుంచి వైడ్ లెన్స్. పెళ్లివారికి ముందే సంగతి చెప్తే ఎవరూ కాదనరు. చెప్పకుండా ఆ రోజు చేతులెత్తేస్తేనే గొడవ.

7. నేల మీదవాళ్లను అడగండి

మ్యాప్‌లో గ్రీన్ ఉన్నా స్థలం ఎవరిదో వాళ్ల మాట కావాలి. గుడి అయితే దేవస్థానం వాళ్లు, రొయ్యల గుంటలైతే వాటి యజమాని, జాతరలూ ఉత్సవాలైతే పోలీసులు. స్వర్ణాల చెరువు దగ్గర రొట్టెల పండగలాంటి చోట జనం తలల మీద ఎగరేసే ఆలోచనే పెట్టుకోకండి. ఒక ప్రొపెల్లర్ విరిగితే కింద ఎవరి బిడ్డ ఉంటుందో తెలియదు. స్థానిక స్టేషన్‌లో ఒక కాగితం మీద తేదీ, టైమ్, చోటు, మీ ఫోన్ నంబరు రాసి ఇచ్చి రండి. పది నిమిషాల పని.

8. లేపే ముందు

జీపీఎస్ నిలబడిందా, హోమ్ పాయింట్ (సిగ్నల్ పోతే డ్రోన్ తిరిగొచ్చే చోటు) ఇప్పటి చోటునే చూపిస్తోందా, బ్యాటరీ నిండుగా ఉందా చూడండి. ఒక మనిషిని కేవలం ఆకాశం చూడటానికి పెట్టుకోండి. మీ కళ్లు స్క్రీన్ మీద ఉంటాయి కదా. హెలికాప్టర్ శబ్దం వినబడితే షాట్ ఎంత బాగున్నా సరే, వెంటనే కిందికి దించేయాలి. మనుషులున్న విమానానికే ఎప్పుడూ దారి.

ముందు పది మీటర్లకు లేపి కాసేపు నిలపండి. తర్వాత మీరు పెట్టిన హద్దు దాకా నెమ్మదిగా తీసుకెళ్లండి. అక్కడ డ్రోన్ తనంతట తానే ఆగాలి. ఆగితే సెట్టింగ్ పనిచేస్తున్నట్టు. ఆగకుండా పైకి పోతుంటే దించేసి మళ్లీ యూనిట్ చూసుకోండి.

9. దించాక

ఫ్లైట్ లాగ్ తెరిచి గరిష్ఠ ఎత్తు ఎంత పోయిందో నోటు పుస్తకంలో రాయండి. తేదీ, చోటు, మొదలు, ముగింపు టైమ్ కూడా. డ్రోన్ పడి ఎవరికైనా దెబ్బ తగిలినా, ఇంకేదైనా ప్రమాదం జరిగినా 48 గంటల్లోపు పోర్టల్ ద్వారా డీజీసీఏకు తెలపాలి. దాచిపెడితే తర్వాత ఇన్సూరెన్స్ కూడా చేతికి రాకపోవచ్చు. రూల్స్ మీరితే జరిమానా లక్ష రూపాయల దాకా ఉంటుంది.

మళ్లీ మళ్లీ వచ్చే రెండు ప్రశ్నలు

"నాది 249 గ్రాములే, నాకీ గోల ఎందుకు?" పైలట్ సర్టిఫికెట్, ఇన్సూరెన్స్‌ల నుంచి మీకు మినహాయింపు, జోన్ల నుంచి కాదు. రెడ్‌లో నానో కూడా ఎగరకూడదు. గంటకు 250 కి.మీ. వేగంతో దిగుతున్న విమానం ఇంజన్‌లోకి 249 గ్రాముల లోహం, బ్యాటరీ వెళ్తే అది చిన్న వస్తువు కాదు.

"దగదర్తిలో ఎయిర్‌పోర్టు వస్తే మా ఊరి సంగతేంటి?" ఆ మాట ఏళ్లుగా నడుస్తోంది. రూల్ పట్టించుకునేది నడుస్తున్న విమానాశ్రయాన్ని. అది మొదలయ్యాక దాని ప్రహరీ నుంచి 12 కి.మీ. లోపలున్న ఊళ్లన్నిటికీ మ్యాప్‌లో రంగూ ఎత్తూ మారతాయి. దగదర్తి చుట్టుపక్కల రోజూ మందు కొట్టే డ్రోన్లు తోలేవాళ్లు మ్యాప్ చూడటం ఇప్పటినుంచే అలవాటు చేసుకోండి. మీ కయ్యల నాలుగు మూలల అంకెలు ఇవాళే తీసి పుస్తకంలో రాసి పెట్టుకుంటే, అప్పుడు వాటిని మ్యాప్‌లో వేసి చూడటం నిమిషం పని.